ఎయిర్‌పోర్టు నుంచి బస్టాండు దగ్గరే, అయినా ఆ 9 గంటల బస్సు వద్దు

ప్రశ్న: అక్కా, నమస్తే. మేము హ్యూస్టన్‌లో ఉంటాం. ఈ డిసెంబరులో మెక్సికోలోని వహాకా వెళ్దామని అనుకుంటున్నాం. అక్కడ 23వ తేదీ రాత్రి ముల్లంగి దుంపలతో చెక్కిన బొమ్మల పండుగ జరుగుతుందట, మా ఆవిడకి అది చూడాలని ఎప్పటి నుంచో కోరిక. క్రిస్మస్ వారం కాబట్టి నేరుగా వహాకాకి నలుగురికి విమానం టికెట్లు మా వల్ల కాలేదు. అందుకని మెక్సికో సిటీ దాకా విమానం, అక్కడి నుంచి ఫస్ట్ క్లాస్ బస్సు. 21న సాయంత్రం 7:10కి టెర్మినల్ 1లో దిగుతాం. తాపో అనే బస్టాండు నుంచి రాత్రి 9 గంటలకి వహాకా బస్సు ఉంది. పొద్దున్నే దించేస్తుంది, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది. మ్యాప్‌లో చూస్తే ఎయిర్‌పోర్టుకీ తాపోకీ మధ్య నాలుగైదు కిలోమీటర్లే. మా ఆవిడ మాత్రం రిస్కు అంటోంది. మాతో పాటు ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ (63 ఏళ్లు, బీపీ ఉంది), నాలుగేళ్ల పాప ఉన్నారు. గంటా యాభై నిమిషాలు సరిపోవా? బుక్ చేసేయనా?

సమాధానం:

తమ్ముడూ, బుక్ చేయకు. మరదలి భయం సరైనదే. నువ్వు లెక్కేసింది ఎయిర్‌పోర్టు బయటి గుమ్మం నుంచి బస్టాండు గుమ్మం దాకా పట్టే టైము, అది నిజంగానే పావుగంటో ఇరవై నిమిషాలో. కానీ 7:10కి నువ్వు ఆ గుమ్మం దగ్గర ఉండవు కదా, అప్పటికి విమానం నేల మీద వాలుతుంది అంతే.

అక్కడి నుంచి ఏం జరుగుతుందో ఒకసారి నాతో పాటు ఊహించుకో. విమానం గేటు దగ్గరికొచ్చి తలుపు తీసేసరికి 7:25. మీ సీట్లు వెనకుంటే, పాపని నిద్ర లేపి, అమ్మగారి హ్యాండ్‌బ్యాగు పైనుంచి దించుకుని, బయటికొచ్చేసరికి ఇంకో పది నిమిషాలు. తర్వాత ఇమిగ్రేషన్ దాకా నడక, ఆ టెర్మినల్ చాలా పొడవు. డిసెంబరు 21 అంటే అమెరికాలో పనిచేసే మెక్సికన్లు పండక్కి సొంతూళ్లకి వచ్చే రోజులు, సాయంత్రం ఒకదాని వెనక ఒకటి విమానాలు దిగుతుంటాయి, లైను గంట పట్టినా ఆశ్చర్యపోకు. అది అయ్యాక బెల్టు దగ్గర లగేజీ కోసం ఎదురుచూపు, ఆ తర్వాత కస్టమ్స్‌లో మళ్లీ ఆ బ్యాగులన్నీ స్కానర్‌లో పెట్టడం. ఏ ఒక్క చోటా ఆలస్యం కాకపోతే 8:30, మామూలుగా అయితే 9, రద్దీ ఎక్కువుంటే తొమ్మిదిన్నర. ఇదంతా విమానం టైముకి దిగితేనే సుమా. ఇక టాక్సీ పట్టుకుని తాపోకి వెళ్లాలి, అక్కడ మీ బస్సు ఏ గేటో వెతుక్కోవాలి, పెద్ద బ్యాగులు ఇచ్చి చీటీ తీసుకోవాలి, చేతి బ్యాగులు చెక్ చేయించుకోవాలి. కనీసం అరగంట ముందు అక్కడ ఉంటేనే ఇవన్నీ టెన్షన్ లేకుండా అవుతాయి.

ఇంకో సంగతి. విమానం టికెట్టూ బస్సు టికెట్టూ రెండూ వేర్వేరు. విమానం లేటయితే విమానం కంపెనీకి నీ బస్సుతో పనిలేదు, బస్సు వెళ్లిపోతే బస్సు కంపెనీకి నీ విమానంతో పనిలేదు. బస్సు కదిలాక చాలా టికెట్లకి డబ్బు రాదు, తేదీ మార్పు కూడా బస్సు బయల్దేరక ముందు అడిగితేనే. మాకు ఇది అనుభవమే. కొన్నేళ్ల క్రితం నాన్నని తీసుకుని అక్కడికి వెళ్లినప్పుడు మా విమానం 50 నిమిషాలు లేటు, మేము పరుగున బస్టాండు చేరేసరికి బస్సు కదిలి ఆరు నిమిషాలయింది. తర్వాతి రెండు బస్సులూ నిండిపోయాయి. షుగర్ ఉన్న నాన్న ఇనప కుర్చీలో తెల్లవారుజాము నాలుగు దాకా కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు, ఆ అనకపోవడమే నాకు ఇప్పటికీ బాధ. అందుకే మీ అమ్మగారి వయసు చదవగానే నీకు వెంటనే రాయాలనిపించింది.

సరే, 9 గంటల బస్సు ఎలాగో దొరికిందే అనుకుందాం. అది వహాకా చేరేది ఎప్పుడో చూశావా? తాపో నుంచి వహాకా సుమారు 460 కిలోమీటర్లు, ఆరున్నర నుంచి ఏడు గంటలు. అంటే మీరు దిగేది తెల్లవారుజామున మూడున్నర, నాలుగుకి. పొద్దున్నే కాదు, అర్ధరాత్రి దాటాక. హోటల్ వాళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం మూడుకి. నాలుగేళ్ల పాపతో, అమ్మగారితో ఆ పదకొండు గంటలు ఎక్కడ కూర్చుంటారు? ముందు రాత్రికి కూడా గది తీసుకోవాల్సిందే, లేదా హోటల్ లాబీలో పడిగాపులు. మిగులుతుందనుకున్న ఖర్చు అక్కడే పోతుంది.

మరి ఏం చేయాలంటే, నేనైతే తాపో జోలికే వెళ్లను. మెక్సికో సిటీ ఎయిర్‌పోర్టు లోపలి నుంచే కొన్ని ఊళ్లకి నేరుగా ఫస్ట్ క్లాస్ బస్సులున్నాయి: పుయెబ్లా, కెరెతారో, క్వెర్నవాకా, తొలూకా, ఇలా. వహాకా వెళ్లే దారి పుయెబ్లా మీదుగానే. ఎయిర్‌పోర్టు నుంచి పుయెబ్లాకి ఎస్త్రెయా రోహా అనే కంపెనీ బస్సులు నడుస్తాయి (పేరుకి అర్థం ఎర్ర నక్షత్రం), ప్రయాణం సుమారు రెండు గంటలు. టెర్మినల్ 1 నుంచీ ఉన్నాయి, 2 నుంచీ ఉన్నాయి. కస్టమ్స్ దాటి బయటికి రాగానే బోర్డుల మీద బస్సు బొమ్మ, 'ఆటోబుసెస్' అన్న మాట కనిపిస్తాయి, వాటి వెంట వెళ్లు, లేదా ఎవరినైనా 'పుయెబ్లా, ఆటోబుస్' అని అడుగు, చూపిస్తారు. సామానుతో బయట రోడ్డెక్కే పని ఉండదు, టాక్సీ ఉండదు, ఇంకో బస్టాండు వెతుక్కోవడం ఉండదు.

ఈ బస్సుకి ముందే టికెట్టు కొనకు. బయటికొచ్చాక కౌంటర్లో కొను. రోజంతా తరచుగా నడిచే బస్సులు కాబట్టి ఇమిగ్రేషన్‌లో ఎంతసేపు పట్టినా నీకు నష్టం లేదు, 8:30కి బయటికొస్తే అప్పటిది, 9:30కి వస్తే అప్పటిది. పండగ రోజులు కదా, ఒక బస్సు నిండితే తర్వాతది ఎక్కుతారు. లైనులో నిలబడి వాచీ చూసుకుంటూ ఉండే ఆ బాధ ఒక్కటి పోతే చాలు, సగం ప్రయాణం బాగుపడుతుంది.

రాత్రి పుయెబ్లాలో పడుకోండి. ఈ బస్సులు అక్కడ రెండు చోట్లకి వెళ్తాయి, టికెట్టు కొనేటప్పుడే తేల్చుకో: ఒకటి కాపు అనే పెద్ద బస్టాండు, ఇంకొకటి 4 పోనియెంతే, ఇది పాత ఊరి నడిబొడ్డుకి దగ్గర. మరుసటి రోజు వహాకా బస్సు ఎక్కేది కాపులో. అమ్మగారు బాగా అలసిపోతారనిపిస్తే కాపుకి దగ్గర్లో గది చూసుకో. పొద్దున లేచి కాసేపు ఊరు చూడాలనుంటే 4 పోనియెంతే వైపు దిగు, తర్వాత టాక్సీలో కాపుకి రావచ్చు. నాకు రెండోదే ఇష్టం, ఎందుకంటే పుయెబ్లా పాత ఊరు యునెస్కో జాబితాలో ఉన్న చోటు, గోడల నిండా రంగురంగుల పెంకులు అతికించిన ఇళ్లుంటాయి, మరదలికి కచ్చితంగా నచ్చుతాయి, పొద్దున రెండు గంటలు దొరికినా చాలు.

కాపు నుంచి వహాకాకి నాలుగున్నర గంటలు. ఈ టికెట్టు మాత్రం ముందే కొనాలి, ఇవాళే కొన్నా తొందరేం కాదు, 22వ తేదీ ముల్లంగి పండుగకి ముందు రోజు, బస్సులు నిండిపోతాయి. మధ్యాహ్నం 12 ప్రాంతంలో ఉన్న బస్సు చూడు. ఆ టైమే ఎందుకంటే, ఒకవేళ 21 రాత్రి విమానం బాగా లేటయి పదకొండు దాటితే, అప్పుడు అర్ధరాత్రి పుయెబ్లాకి పరుగెత్తొద్దు, ఎయిర్‌పోర్టుకి ఆనుకుని హోటళ్లున్నాయి, పడుకుని పొద్దున ఏడు, ఎనిమిది గంటల పుయెబ్లా బస్సు పట్టుకున్నా 12 గంటల వహాకా బస్సు అందుతుంది. రెండు రకాలుగానూ ఆ టికెట్టు చెల్లుబాటే. సాయంత్రం అయిదు లోపు వహాకాలో ఉంటారు, గది సిద్ధంగా ఉంటుంది, పాపకి స్నానం చేయించి అన్నం పెట్టి పడుకోబెట్టొచ్చు.

పగటి పూట వెళ్లమనడానికి ఇంకో కారణం ఆ రోడ్డు. పుయెబ్లా దాటాక క్వక్నోపాలన్ అనే చోట వహాకా వైపు మళ్లే టోల్ రోడ్డు కొండల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. కడుపులో తిప్పే వాళ్లకి చీకట్లో అది మరీ కష్టం, కిటికీలోంచి దూరంగా చూస్తూ కూర్చుంటే కాస్త నయం. పగలైతే ఆ లోయలూ, స్తంభాల్లా నిలబడ్డ కాక్టస్ చెట్లూ చూస్తూ వెళ్లొచ్చు.

ఇంత చెప్పినా రాత్రి బస్సే కావాలంటే (నువ్వు కాకపోయినా, ఇది చదివే కుర్రాళ్లు వీపున ఒక్క బ్యాగుతో వెళ్తారు, వాళ్లకి అది బాగానే ఉంటుంది) విమానం దిగే టైముకీ బస్సుకీ మధ్య కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. అంటే మీ విమానానికి రాత్రి పదకొండున్నర, పన్నెండు గంటల బస్సులు. అవి వహాకా చేరేది ఆరున్నర, ఏడుకి, అప్పటికి తెల్లారి ఉంటుంది, టిఫిన్ హోటళ్లు తెరుస్తుంటారు. ముందుగా దిగితే తాపోలో కూర్చోవడానికి చోటుంది. 1978లో కట్టిన పెద్ద గుండ్రటి కట్టడం అది, పైన గోపురం, చుట్టూ కంపెనీల కౌంటర్లు, మధ్యలో నిలబడి చూస్తే ఎటు తిరిగినా ఒకేలా అనిపిస్తుంది. టికెట్టు మీద ఏ కంపెనీయో చూసుకుని ఆ పేరు బోర్డు వైపు నడవాలి. వహాకాకి ఎక్కువగా వెళ్లేది ఏడీఓ (అక్కడివాళ్లు 'ఆ-దె-ఓ' అంటారు).

టాక్సీ విషయానికొస్తే, ఎయిర్‌పోర్టు లోపలే 'తాక్సి ఆటొరిసాదొ' అని కౌంటర్లుంటాయి, వెళ్లే చోటు చెప్పి అక్కడే డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, దూరాన్ని బట్టి రేటు ముందే నిర్ణయించి ఉంటుంది, బేరం ఉండదు. బయట 'తాక్సి, తాక్సి' అంటూ వెంటపడే వాళ్లతో వెళ్లొద్దు. మెట్రోబస్ 4వ లైను టెర్మినల్ 1లో 7వ గుమ్మం, టెర్మినల్ 2లో 3వ గుమ్మం దగ్గర ఆగి తాపో పక్కనున్న సాన్ లాసారో మీదుగా వెళ్తుంది, ఎయిర్‌పోర్టు నుంచి 30 పెసోలు, కార్డు ఉండాలి. మెట్రో రైలు 5 పెసోలే కానీ పాంతిత్లాన్‌లో మారాలి, ఆ జనంలో సూట్‌కేసుతో వద్దు.

ఒక్క మాట, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మెక్సికో సిటీకి బస్టాండు ఒకటి కాదు, నాలుగు దిక్కులా నాలుగున్నాయి. హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్సు కోసం జేబీఎస్‌లో నిలబడితే ఏమవుతుందో అక్కడా అంతే. వహాకా, పుయెబ్లా, వెరాక్రూస్ వైపు తాపో. కెరెతారో, గ్వానహ్వాతో వైపు, అలాగే తియోతివాకాన్ పిరమిడ్లకి ఉత్తరం బస్టాండు, ఇది ఎయిర్‌పోర్టు మెట్రో ఉన్న 5వ లైను మీదే ఉంది. క్వెర్నవాకా, అకపుల్కో వైపు దక్షిణం, అంటే తస్కేన్యా. తొలూకా, మొరేలియా వైపు పడమర, అంటే ఒబ్సెర్వతోరియో. టికెట్టు మీద ఊరి పేరు చూసి ఊరుకోకుండా, బయల్దేరే బస్టాండు పేరు చదవాలి. విమానం సంగతీ అంతే, ఏ టెర్మినలో చూసుకోవాలి. రెండింటి మధ్య చిన్న రైలుంది కానీ బోర్డింగ్ పాస్ ఉన్నవాళ్లనే ఎక్కనిస్తారు. 2022 మార్చిలో తెరిచిన ఫెలిపె ఆంఖెలెస్ అనే ఇంకో ఎయిర్‌పోర్టు కూడా ఉంది, అది ఊరికి చాలా దూరం, చౌకగా వచ్చిందని ఆ టికెట్టు కొంటే ఇప్పటిదాకా చెప్పినదేదీ మీకు వర్తించదు.

ఇప్పుడు నువ్వు అడగకపోయినా చెప్పాల్సిన కాగితాల సంగతి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు, గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. ఇక్కడ చెల్లుబాటు అంటే పాస్‌పోర్టులో అతికించిన వీసా స్టాంపు తేదీ. నీది హెచ్-1బి అయితే, ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే ఆమోద పత్రం) కాగితం 2 ఏళ్లు మిగిలి ఉన్నా, పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయి ఉంటే మెక్సికోకి అది వీసా లేనట్టే. 30 రోజుల్లోపు తిరిగొస్తే గడువు దాటిన స్టాంపుతోనే అమెరికాలోకి రానిచ్చే నియమం ఒకటుంది, దాన్ని చూసి చాలామంది మెక్సికోలోకి కూడా అలాగే వెళ్లొచ్చు అనుకుంటారు, అది తప్పు, రెండూ వేర్వేరు దేశాల నియమాలు. ఇవాళే నీదీ మరదలిదీ స్టాంపు తేదీలు చూడు. అమ్మగారికి విజిటర్ వీసా స్టాంపు ఉండే ఉంటుంది కాబట్టి ఆవిడకి ఇబ్బంది లేదు. కానీ మెక్సికో వెళ్లొస్తే అమెరికాలో మళ్లీ కొత్తగా ఆరు నెలలు వస్తాయని మాత్రం లెక్క పెట్టుకోవద్దు. తిరిగొచ్చాక ఆవిడ ఐ-94 తేదీ (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది) ఆన్‌లైన్‌లో చూసి రాసి పెట్టుకో.

అమ్మగారికి వీల్‌చెయిర్ కావాలని విమానం కంపెనీకి ముందే చెప్పు. ఆవిడ నడవగలిగినా సరే, మొహమాటపడొద్దు, మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది, బీపీ ఉన్నవాళ్లకి మొదటి గంటల్లో నాలుగడుగులు గబగబా నడిస్తేనే ఆయాసం రావచ్చు. ప్రయాణానికి ముందు ఆవిడ డాక్టరుకి ఈ ఎత్తు సంగతి చెప్పి అడగండి, మాత్రలు లగేజీలో కాకుండా చేతి సంచిలో ఉండాలి. ఇంకా ఆవిడతో మెల్లగా చెప్పు, కరివేపాకు రెబ్బలు, పచ్చిమిరపకాయలు, పళ్లు, విత్తనాలు లాంటివి బ్యాగులో పెట్టొద్దని. బెల్టు దగ్గర వాసన పట్టే కుక్కలు తిరుగుతుంటాయి, పచ్చి సరుకు దొరికితే పక్కకి పిలిచి బ్యాగంతా విప్పిస్తారు. అమ్మలకి ఇది ముందు రోజు చెబితే వినరు, సర్దడం మొదలుపెట్టకముందే చెప్పాలి.

బస్సు టికెట్టు కొనేటప్పుడు కొన్ని గమనించు. ఫస్ట్ క్లాసు అంటే అక్కడ ఏసీ, వెనక్కి వాలే సీట్లు, వెనక టాయిలెట్, దారిలో ఎక్కడపడితే అక్కడ ఆగకపోవడం. దాని పైన ఏడీఓలోనే జీఎల్ అని ఒకటి, ప్లాటినో అని ఇంకొకటి ఉన్నాయి. ప్లాటినోలో వరసకి మూడే సీట్లు, ఒక వైపు రెండు, ఇంకో వైపు ఒకటి, రాత్రంతా ప్రయాణమైతే ఆ డబ్బు పెట్టొచ్చు, పగలు నాలుగున్నర గంటలకి మామూలు ఫస్ట్ క్లాసు చాలు. సైటులో పెద్దలు, పిల్లలు అని కాక 'ఇనాపామ్' అని ఇంకో రకం కనిపిస్తుంది, 60 దాటిన వాళ్లకి తగ్గింపు. అమ్మగారికి 63 కదా అని అది నొక్కొద్దు, దానికి మెక్సికో ప్రభుత్వం ఇచ్చే సీనియర్ కార్డు చూపించాలి. సీట్ల బొమ్మలో టాయిలెట్‌కి దూరంగా, ముందు వైపు నాలుగూ దగ్గర దగ్గరగా తీసుకో, ముందు కూర్చుంటే మెలికల్లో తిప్పడం కూడా తక్కువ. కొన్ని బస్సు సైట్లు విదేశీ కార్డుని తిప్పికొడతాయి, అప్పుడు కంగారుపడకుండా ఇంకో కార్డుతోనో, టికెట్లమ్మే వేరే సైటులోనో ప్రయత్నించు. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయి.

పెద్ద బ్యాగు కింద డిక్కీలో పెడతారు, మనిషికి 25 కిలోల దాకా ఉచితం, చీటీ ఇస్తారు, దిగేటప్పుడు అది చూపిస్తేనే బ్యాగు చేతికొస్తుంది కాబట్టి జేబులో భద్రంగా పెట్టుకో. పాస్‌పోర్టులు మాత్రం డిక్కీలోకి వెళ్లే బ్యాగులో పెట్టొద్దు, దక్షిణం వైపు రోడ్ల మీద అప్పుడప్పుడు ఇమిగ్రేషన్ వాళ్లు బస్సెక్కి అడుగుతారు. ఏసీ చాలా చల్లగా ఉంటుంది, అడిగినా తగ్గించకపోవచ్చు, అమ్మగారికి శాలువా, పాపకి స్వెట్టరు, సాక్సులు మీ దగ్గరే ఉండాలి. దారిలో భోజనానికి ఆపరు, కాపులో బస్సెక్కే ముందే తినండి, శాకాహారులైతే ఇంటి నుంచి పొడి పొడి తినుబండారాలు కొన్ని తెచ్చుకోండి. బస్టాండుల్లో టాయిలెట్‌కి చిల్లర కావాలి, ఎయిర్‌పోర్టు ఏటీఎంలో పెసోలు తీయగానే ఒక నీళ్ల సీసా కొని నోటు మార్చుకుంటే సరిపోతుంది.

టైము గురించి గందరగోళం అక్కర్లేదు, డిసెంబరులో హ్యూస్టన్‌దీ మెక్సికో సిటీదీ వహాకాదీ ఒకటే టైము. మెక్సికోలో ఎక్కువ చోట్ల 2022 అక్టోబరు నుంచి గడియారం ముందుకి జరపడం మానేశారు కాబట్టి వేసవిలో వెళ్లేవాళ్లు మాత్రం గంట తేడా చూసుకోవాలి.

23 సాయంత్రం ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. 1897లో మొదలైన పండుగ అది, ఊరి మధ్య కూడలిలో కొన్ని గంటలే ఉంటుంది, ముల్లంగి త్వరగా వాడిపోతుంది కదా. లైను చాలా పొడవు, మధ్యాహ్నం నుంచే జనం నిలబడతారు, అమ్మగారినీ పాపనీ ఒక చోట కూర్చోబెట్టి మీరిద్దరిలో ఒకరు లైనులో ఉండండి.

తిరుగు ప్రయాణం గురించి నువ్వు రాయలేదు, నాకు దాని గురించే ఎక్కువ దిగులు. వెళ్లేటప్పుడు బస్సు పోతే ఇంకో బస్సుంది, వచ్చేటప్పుడు విమానం పోతే నలుగురికి కొత్త టికెట్లు. వహాకాలో టీచర్ల సంఘాలు, ఊళ్ల వాళ్లు తమ కోర్కెల కోసం రోడ్లు ఆపేయడం మామూలే, 'బ్లొకెఓ' అంటారు, అయిదారు గంటలు కదలకుండా బస్సులో కూర్చున్న వాళ్లు ఉన్నారు. కాబట్టి విమానం ఉన్న రోజు వహాకాలో నిద్ర లేవొద్దు. ముందు రోజే పగటి బస్సులో పుయెబ్లాకి వచ్చేయండి, అక్కడ పడుకోండి, మరుసటి రోజు విమానానికి ఆరు గంటల ముందు ఎయిర్‌పోర్టు బస్సెక్కండి. ఎక్కేటప్పుడు మీ విమానం టెర్మినల్ 1 నుంచి అని చెప్పి, బస్సు ముందు ఎక్కడ ఆగుతుందో డ్రైవర్‌ని అడుగు.

ఆ బస్సులో ఎడమ వైపు సీట్లు తీసుకో. డిసెంబరు పొద్దున ఆకాశం తేటగా ఉంటే పోపోకతెపెత్ల్, ఇస్తక్సివత్ల్ కొండలు మంచుతో పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది సుమారు 5,400 మీటర్ల ఎత్తున్న అగ్నిపర్వతం, ఒక్కోసారి దాని మీంచి పొగ లేస్తుంటుంది, పాపని కిటికీ దగ్గర కూర్చోబెట్టు.